సైన్సు సారుకు దొరికిన దేవుడు

పరమేశ్వర్ సారు దేవుణ్ణి నమ్మడన్న సంగతి సూరత్‌లోని భేస్తాన్‌లో తెలుగువాళ్లందరికీ తెలుసు. గణపతి చందాకు తిరిగేవాళ్లు ఆయన గుమ్మం వదిలేసి పక్కింటి తలుపు కొట్టేవాళ్లు. అందులో కోపమేమీ లేదు. మగ్గాల మీద పన్నెండేసి గంటలు నిలబడే తండ్రుల పిల్లలను పదో తరగతి గట్టెక్కించేది ఆయనే. అంతటి మనిషికి ఆ ఒక్క లోటు ఉంటే ఉండనీ అనుకున్నారు.

ఆయన తండ్రి సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఖటోదరాలో మగ్గం నడిపి, దగ్గుతూ దగ్గుతూ పోయాడు. కొడుకు బి.ఎస్సీ., బి.ఎడ్. చదివి తెలుగు మీడియం హైస్కూల్లో సైన్సు మాస్టరయ్యాడు. ఆదివారాలు గల్లీలో బల్ల వేసి, మందారపువ్వు పసరు రాసిన కత్తితో నిమ్మకాయ కోసి ఎర్రటి రసం కార్చి చూపించేవాడు. "గిది నెత్తురు కాదు, మంత్రం కాదు. పువ్వు పసరుకు పులుపు తగిలితే రంగు మారుతది. ఎవడన్న గిది చూపెట్టి కోడినడిగితే ఇయ్యకుండ్రి" అనేవాడు. జనం నవ్వేవాళ్లు. కొందరు నిజంగానే కోడినివ్వడం మానేశారు.

ఆయన భార్య సంధ్యారాణి ఏడో తరగతితో చదువాపి, పంతొమ్మిదేళ్లకు పెళ్లయి సూరత్ వచ్చింది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లతికించే పని చేసేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో ఆమెకు ప్రాణమైనది అరచేతిలో పట్టే ఇత్తడి పోశమ్మ ముఖం. మంగళవారం మంగళవారం దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టేది. పరమేశ్వర్ ఒక్కనాడూ తీసెయ్యమనలేదు.

పెళ్లయిన ఎనిమిదేళ్లకు, కూతురు సంగీతకు ఆరేళ్లప్పుడు, ఒళ్లంతా పొక్కులు లేచాయి. పరమేశ్వర్ తల్లి ఎల్లవ్వ గుమ్మానికి వేపమండలు కట్టి, "అమ్మోరు పోసింది. మందు గిందు అంటే తల్లికి కోపమొస్తది" అని పడక చుట్టూ గీత గీసినట్టు కూర్చుంది. పిల్ల జ్వరంతో మూలుగుతుంటే సంధ్యారాణి భర్త ముఖం, అత్త ముఖం మార్చి మార్చి చూసింది. పరమేశ్వర్ ఆమెను ఒక్క మాటే అడిగాడు.

"చిన్నపిల్లకు పుండ్లు పెట్టే తల్లి మనకెందుకు, సంధ్యా?"

ఆమె లేచి పిల్లను ఎత్తుకుని ఆయన వెంట డాక్టరు దగ్గరికి నడిచింది. పది రోజులకు పిల్ల తేరుకుంది. ఆ వారమే ఇత్తడి ముఖాన్ని గుడ్డలో చుట్టి, "నీ కాడ పెట్టుకో అత్తమ్మా" అని ఎల్లవ్వ చేతిలో పెట్టింది. ఆ తర్వాత చాలా నెలలు, మంగళవారం తలస్నానం చేయగానే ఆమె చెయ్యి దానంతటదే పసుపు డబ్బా మీదికి పోయేది. తీసుకుని కూరలో వేసేది.

దానికి బదులుగా ఆమెకు దొరికింది భర్త. అప్పటిదాకా లేడని కాదు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒక పక్క, గల్లీ అంతా ఇంకో పక్క. మర్నాడు బడిలో చెప్పబోయే పాఠం ఆయన ముందురోజు సాయంత్రం ఆమెకు చెప్పేవాడు. ఆమె చీర మీద రాళ్లు అతికిస్తూ వినేది. గుర్రం పాఠమంటే ఆమెకు మహా ఇష్టం. నక్కంత జంతువు, ముందుకాలికి నాలుగు వేళ్లున్నది, కోట్ల ఏళ్లు గడ్డి మైదానాల్లో పరుగెత్తి పరుగెత్తి ఒక్క గిట్ట మీద నిలబడిందని ఆయన తన చేతితో పటం గీసి చూపించాడు. ఆ పటానికి రంగులు వేసింది ఆమె. ఏడో తరగతి చదివిన మనిషి తొమ్మిదేళ్లు పదో తరగతి సైన్సు విన్నది. సంగీత డౌటు అడిగితే ఒక్కోసారి తండ్రి కంటే ముందు తల్లే చెప్పేది.

"నీకు దేవుడెందుకే, సారే ఉన్నడు గద" అని గల్లీ ఆడవాళ్లు ఏడిపించేవాళ్లు. ఆమె పైకి కసురుకునేది. లోపల ఆ మాట ఆమెకు తీయగా ఉండేది.

రెండువేల ఇరవైలో మగ్గాలు ఆగిపోయాయి. సగం గల్లీ మూటలు కట్టుకుని ఊళ్లకు పోయింది. పరమేశ్వర్ ఫోన్లో పాఠాలు చెప్పాడు, మాస్కు ఎట్లా పెట్టుకోవాలో ఇంటింటికీ తిరిగి చూపించాడు. ఆ ఏడు ఆయనకేమీ కాలేదు. మరుసటేడు ఏప్రిల్లో కరోనా పట్టుకుంది. మూడో రోజుకు మాట మధ్యలో ఆగి గాలి కోసం నోరు తెరిచాడు. ఆల్థాన్‌లో ఒక పెద్ద హాలును కరోనా రోగుల కోసం మార్చారు. అక్కడ పడక దొరికింది. బంధువులను గేటు దగ్గరే ఆపేశారు.

సంధ్యారాణి రోజూ ఆటోలో వెళ్లి గేటు దగ్గర టిఫిన్ డబ్బా ఇచ్చేది. లోపలి నుంచి తెల్ల ప్లాస్టిక్ సూటులో ఎవరో ఒక ఆయా వచ్చి డబ్బా అందుకునేది. కళ్లజోడు మీద ఆవిరి తప్ప ముఖం కనబడేది కాదు. "ఎట్లున్నడు?" అని అడిగితే "ఉన్నడు బిడ్డా, ఉన్నడు" అని తెలుగులోనే అని వెళ్లిపోయేది. పద్నాలుగు రోజులు సంధ్యారాణికి ఆ ఒక్క మాటే ఆధారం. ఆయన ఫోను మోగి మోగి ఆగిపోయేది.

పదిహేనో రోజు పరమేశ్వర్ నడిచి బయటికొచ్చాడు. చొక్కా హ్యాంగరుకు వేలాడుతున్నట్టుంది. ఎల్లవ్వ దిష్టి తీసింది. సంధ్యారాణి మెత్తగా అన్నం వండి, చారు పోసి పెట్టింది. ఆయన ముద్ద కలిపి, నోట పెట్టకుండా కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు తిరుగుతున్నయా?" అంది కంగారుగా.

"లేదు. దండం పెట్టుకుంటున్న."

ఆమె పకపకా నవ్వింది. ఇరవై రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. ఆయన కళ్లు తెరిచి ఆమె నవ్వు అయిపోయేదాకా ఓపిగ్గా ఆగాడు. అప్పుడు ఆమెకు భయమేసింది.

రెండు రోజులకు ఆయనే చెప్పాడు. "ఊపిరి సంగతి నాకు మొత్తం తెలుసు, సంధ్యా. ఊపిరితిత్తులల్ల గాలి గదులెన్నో తెలుసు. నెత్తుర్ల ఇనుము ఏం చేస్తదో తెలుసు. పదిహేనేండ్లు బోర్డు మీద గీసిన. ఆ తెలివి అంత పెట్టి గుంజితే ఒక్క గుక్క గాలి లోపలికి పోలే. ఆడ భూదేవమ్మ అని ఒకామె ఉండె. నా చెయ్యి పట్టుకొని, 'సారూ, ఊపిరి నువ్వు గుంజుకునేది గాదు, ఒకడు ఇస్తే వచ్చేది. ఇచ్చేటోన్ని అడుగు' అన్నది. ఎవరినని అడిగిన. ఏసును అన్నది. అడిగిన. అడిగినంక నా భయం పోయింది. తెల్లారేసరికి ఆక్సిజన్ నంబరు ఎక్కింది."

 సంధ్యారాణి, "గొట్టం పెట్టిండ్రు, సూదులిచ్చిండ్రు. గందుకు ఎక్కింది. ఒకదాని ఎనక ఇంకోటి జరిగితే మొదటిదే కారణం అనొద్దని నువ్వే చెప్పేటోనివి గద" అంది.

"అవ్, నేనే చెప్పిన" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు కూడా కొత్తగా ఉంది. వాదనలో ఓడిపోతే ముక్కు ఎగరేసే మనిషి, ఓడిపోయి కూడా నిండుగా నవ్వుతున్నాడు.

భూదేవమ్మ పంపిందని ఎవరో నల్ల అట్ట పుస్తకం తెచ్చిచ్చారు. ఆయన సాయంత్రాలు అది చదవడం మొదలుపెట్టాడు. పాఠం చెప్పే వేళకు ఆయన చేతిలో ఆ పుస్తకం, ఆమె చేతిలో చీర, రాళ్లు. ఒకనాడు తలెత్తి అన్నాడు: "మొదట్లనే ఉన్నది, సంధ్యా. మట్టితోని మనిషిని చేసి ముక్కుల ఊపిరి ఊదిండంట. నేను చదువకముందే అది నాకు జరిగింది. ఇగ కోతి నుంచి వచ్చినమని చెప్పబోతే నాకు నోరు రాదు."

"కోతి నుంచి వచ్చినమని ఎవరన్నరు? కోతికీ మనకూ పూర్వీకుడు ఒక్కడేనని నువ్వే మొత్తుకున్నవ్."

ఆయన ఆమె వంక మెచ్చుకోలుగా చూశాడు. "ఎంత మంచిగ చెప్పినవ్" అన్నాడు. మళ్లీ పుస్తకంలోకి వంగాడు.

ఎల్లవ్వకు మాత్రం ఇది పెద్ద విడ్డూరంగా తోచలేదు. "దేవుడే లేడన్నోనికి దేవుడు దొరికిండు. ఏ దేవుడైతే ఏంది, నా కొడుకు బతికిండు" అంది. కులపోళ్లు ఏమంటారోనని తర్వాత ఏడ్చింది గానీ, ముందన్న మాట అదే. సంధ్యారాణికి అత్త మీద కూడా ఒళ్లు మండింది. ఈ ఇంట్లో ఇప్పుడు అందరికీ ఒక దేవుడున్నాడు, తనకు తప్ప.

భూదేవమ్మ నుంచి ఫోన్లు కూడా మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండింటికి మోగేది. ఆయన "అమ్మా" అని ఎత్తేవాడు. కన్నతల్లి ఎల్లవ్వను కూడా అంత మెత్తగా పిలవగా సంధ్యారాణి వినలేదు. ఇద్దరూ ఏదో చదువుకునేవాళ్లు, మధ్యలో నవ్వుకునేవాళ్లు. ఆమె వంటింట్లో గిన్నెల చప్పుడు పెంచేది. "నర్సమ్మ ఎవరో సారును తిప్పుకున్నదట గద" అని గల్లీలో ఒకామె అంటే, తెల్లకోటు వేసుకున్న ముప్పైయేళ్ల ఆడమనిషి ఆమె కళ్లముందు నిలబడిపోయింది. ఆ మనిషికి సన్నని చేతులు. ఆ చేతుల్లో తన భర్త చెయ్యి.

జూన్ చివర్లో ఇక ఆగలేక, ఆయన ఫోన్లోంచి నంబరు తీసుకుని తానే చేసింది. "నేను పరమేశ్వర్ సారు భార్యను. నిన్ను చూడాలె."

"రా బిడ్డా. గా కరోనా హాలు మూసిండ్రు. ఆల్థాన్‌లనే ఒక బిల్డింగుల మెట్లు తుడుస్త" అని దారి చెప్పింది అవతలి గొంతు.

మూడో అంతస్తు మెట్ల మీద, కొంగు నడుముకు దోపి తడిగుడ్డతో తుడుస్తున్నది అరవై దాటిన ముసలామె. నల్లగా, పొట్టిగా ఉంది. ముందు పళ్లు రెండు లేవు. మడమలు పగిలి ఉన్నాయి. మెదక్ వైపు పల్లె నుంచి మిల్లు కూలీకొచ్చిన మనిషి భార్య, ఇప్పుడు విధవ.

"నువ్వేనా భూదేవి?"

"నేనే బిడ్డా. డబ్బ పట్టుకొని రోజు ఎండల నిలవడేదానివి నువ్వే గద. జూస్తనే ఎర్కవట్టిన."

అప్పుడు సంధ్యారాణికి తెలిసింది, తన టిఫిన్ అందుకున్న ప్లాస్టిక్ చేతులు ఇవేనని. ముప్పైయేళ్ల నర్సయి ఉంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. జుట్టు పట్టుకునేది, ఏడ్చేది, పిల్లను తీసుకుని పుట్టింటికి పోయేది. ఈ ముసలామెను ఏం చెయ్యాలి? మెట్టు మీద కూలబడింది. భూదేవి గుడ్డ పిండి పక్కన కూర్చుంది.

"అవ్వా, ఆడ లోపల... ఆయన నా పేరు తీసిండా?"

భూదేవికి అబద్ధం చెప్పడం చేతకాదు. "తీసిండు బిడ్డా. మొదటి మూడు దినాలు సంధ్యా సంధ్యా అని నీ పేరే. ఆ యెనక ప్రభువును పిలిచిండు."

ఆ మాట ఆమెలో ముల్లులా దిగింది. గేటు బయట ఎండలో తాను నిలబడిన పద్నాలుగు రోజుల్లో తనవి మూడే. మిగతా పదకొండు ఇంకొకరివి. ఆ ఇంకొకరికి ముఖం లేదు, ఇల్లు లేదు, పోయి కొట్లాడదామంటే తలుపు లేదు. భూదేవి చాయ్ తెప్పిస్తానన్నా వినకుండా దిగి వచ్చేసింది.

ఆ సాయంత్రం భర్త ముందు నిలబడింది.

"నీ మాట మీద నేను పోశమ్మను ఇడిసిపెట్టిన."

"ఎర్కే."

"లేడు లేడు అన్నవ్. లేడనుకొని బతుకుడు నేర్చుకున్న. పిల్లకు పానం బాగలేకున్నా, నువ్వు దవాఖానల ఉన్నా, ఎవరికీ మొక్కలే. మొక్కబుద్ధయినా మొక్కలే. నీ కోసం. లోపల పండుకున్న నువ్వేమో మొక్కినవ్."

ఆయన తల దించుకున్నాడు. "తప్పే, సంధ్యా. నాకు తెల్వక నీ దగ్గరున్నది గుంజుకున్న. ఇప్పుడు నిజమైంది దొరికింది. నువ్వు గూడ రా. ఇద్దరం పోదాం."

"నువ్వు చెప్తే ఒకసారి ఇడిసిన. నువ్వు చెప్తే మల్ల పట్టుకోవాల్నా? మరి నేను సొంతంగ అనుకునేది ఎప్పుడు?"

 ఆయన ప్రార్థిస్తానన్నాడు. ఆమె చేతిలో ఉన్న జిగురు డబ్బా గోడకేసి కొట్టింది.

బడి అప్పటికింకా ఫోన్లోనే నడుస్తున్నది. ప్రయోగాలు ఫోన్లో కుదరవని ఆయన ఆ ఏడు జీవశాస్త్రం ముందు మొదలుపెట్టాడు. సంగీత కూడా ఆ పదో తరగతిలోనే ఉంది. ముందు గదిలో తండ్రి చెబుతుంటే వంటింట్లో కూతురు ఫోను పెట్టుకుని వినేది. జూలైలో ఒకరోజు పరిణామం పాఠం వచ్చింది. సంధ్యారాణి బియ్యం ఏరుతూ చెవి అటే పెట్టింది. ఆయన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. చదివి, "పరీక్షల గిట్లనే రాయండి, మార్కులొస్తయి. నన్నడిగితే మాత్రం నేను గిది నమ్మను. అన్నిటినీ చేసినవాడు ఒకడున్నడు" అన్నాడు. గుర్రం పటం తియ్యలేదు. గుర్రం ఊసే లేదు. గంట కాకముందే పాఠం అయిపోయింది.

"మమ్మీ, గ్రూపుల అందరు పప్పా మీద మజాక్ చేస్తున్నరు" అని సంగీత ఫోను చూపించింది. పిల్ల కళ్లలో నీళ్లున్నాయి.

సంధ్యారాణి బియ్యం చాట పక్కన పెట్టింది. గుర్రాన్ని కూడా ఇచ్చేశాడు అనుకుంది. అది తమ ఇద్దరిది. అది ఇచ్చెయ్యడానికి ఆయనకొక్కడికే హక్కెక్కడిది? వెనక వాకిట్లోకి పోయి హెడ్మాస్టరు రాంప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఆయన ఆ బడిలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాడు, పరమేశ్వర్ అంటే గౌరవమున్నవాడు.

"సార్, మా ఆయన సైన్సు పాఠంల దేవుని సంగతి చెప్తున్నడు. జర చూడుండ్రి."

"సంధ్యమ్మా, ఇది నువ్వే చెప్తున్నవా?"

"నేనే. పదో తరగతి పిల్లలు, సార్. పాడైతరు."

పిల్లల మీద బెంగతో అన్నట్టుగానే అన్నది. అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ అసలు సంగతి వేరని ఆమెకు తెలుసు. ఆయన్ను హెడ్మాస్టరు ఒక కసురు కసిరితే తిరిగి తన పక్కకు వస్తాడని ఆమె లెక్క.

ఆ లెక్క తప్పింది. అప్పటికే ఇద్దరు తల్లిదండ్రులు పిల్లల ఫోన్లలో పాఠం రికార్డు విన్నారు. బడి కమిటీ కూర్చుంది. "మతం మార్పిస్తున్నడు" అని ఒకరు, పోలీసు దాకా పోదామని ఇంకొకరు. రాంప్రసాద్ అందరినీ చల్లబరిచి, పరమేశ్వర్‌ను ఒకటే అడిగాడు.

"పరమేశ్వర్, నేను నమ్మనన్న మాట క్లాసుల అననని రాసిస్తవా? గంతే చాలు."

"పుస్తకంల ఉన్నది ఒక్క అక్షరం వదలకుండ చెప్త, సార్. కానీ పిల్లలడిగితే అబద్ధం చెప్పలేను. పదిహేనేండ్లు నేను వాండ్లకు నేర్పిందే అది: అడుగుండ్రి అని."

పై తరగతులు తీసేసి ఐదో తరగతికి తెలుగు, లెక్కలు చెప్పమన్నారు. పరమేశ్వర్ సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, జరిగింది చెప్పి, "పిల్లలు చిన్నోల్లు, మంచిగనే ఉంటది" అన్నాడు. కప్‌బోర్డులోంచి సైన్సు నోట్సులన్నీ తీసి, కొత్తగా వచ్చే మాస్టరుకు పనికొస్తాయని కట్ట కట్టాడు. కట్టేటప్పుడు ముడి రెండుసార్లు జారింది. సంధ్యారాణి అది చూసింది. దగ్గరికి పోలేకపోయింది.

రెండు నెలలు ఆ పాపం గొంతులో పెట్టుకుని తిరిగింది. ఆయన ఐదో తరగతి పిల్లలకు గుణింతాలు దిద్దుకుంటూ, ఆదివారం ఆదివారం దారపు గోడౌను పైనున్న ప్రార్థన గదికి పోయి వస్తూ, బాగానే ఉన్నాడు. ఆ బాగుండడమే ఆమెను కాల్చేది. బడి పోయింది, పేరు పోయింది, గల్లీలో ముందున్న మర్యాద లేదు. అయినా ఆ మనిషి లోపల ఎవరో దీపం ముట్టించి పెట్టినట్టు తిరుగుతున్నాడు. తనకేమో అన్నీ ఉండి లోపలంతా చీకటి.

అక్టోబర్లో, బతుకమ్మ పండుగ రోజుల్లో, మధ్యాహ్నం ఆయన ఉల్లిగడ్డలు కోస్తుంటే ఆమె ఒక్కసారిగా అనేసింది. "హెడ్మాస్టర్‌కు ఫోన్ చేసింది నేనే."

ఆయన కత్తి ఆపలేదు. "ఎర్కే. ఆ దినమే రాంప్రసాద్ సార్ చెప్పిండు."

 "రెండు నెలలు... ఎర్కుండి గిట్ల ఎట్లున్నవ్? కోపం రాలేదా?"

"రాకుండ ఉంటదా? వారం రోజులు నీ చేతి అన్నం మింగబుద్ధి కాలే. పక్కన కూసుంటే ఒళ్లు మండేది. బయట నడిచి నడిచి వచ్చేటోన్ని."

సంధ్యారాణికి ఏడుపొచ్చింది. వింతేమిటంటే ఆ ఏడుపులో కొంచెం హాయి కూడా ఉంది. ఆ వారం రోజుల కోపం తనది. అది ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

"మరి ఇప్పుడు? మాఫ్ చేసినవా? చేసింది నువ్వా, నీ ప్రభువా?"

ఆయన ఉల్లి ఘాటుకు కళ్లు తుడుచుకున్నాడు. "చెయ్యమన్నది ఆయన. చేసేది నేనే. ఇంక పూర్తి గాలే, సంధ్యా. రోజు కొంచెం కొంచెం చేస్తున్న."

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మాట్లాడిన మాటల్లో ఆమెకు నచ్చినది అదొక్కటే. కత్తి ఆయన చేతిలోంచి తీసుకుని మిగతా ఉల్లిగడ్డలు తాను కోసింది.

బాప్తిస్మం తీసుకోవాలంటే గుజరాతులో ముందు కలెక్టరు ఆఫీసులో అనుమతికి కాగితం పెట్టాలని పాస్టరు చెప్పాడు. ఆయన పెట్టాడు. నెలలు పట్టింది. మూడో విడత కరోనా కూడా వచ్చి పోయింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఖాయమైంది. పరమేశ్వర్ భార్యను రమ్మని అడగలేదు. తెల్ల చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని, ఎల్లవ్వ కాళ్లకు మొక్కి వెళ్లిపోయాడు.

సంధ్యారాణి చీర ముందేసుకుని కూర్చుంది. రెండు రాళ్లు అతికించింది. మూడోది వంకరగా పడింది. నీళ్లలో మునిగి లేస్తాడు, చలికి వణుకుతాడు, ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు, ఆ ముసలామె ఆయనకు తువ్వాల ఇస్తుంది అనుకుంది. ఇంకో రాయి అతికించలేకపోయింది. పెట్టెలోంచి పెద్ద తువ్వాల, ఉన్ని స్వెటర్, పొడి లుంగీ తీసి సంచిలో కుక్కుకుని, "మమ్మీ, యాడికి?" అని సంగీత అడుగుతున్నా వినకుండా నడిచింది.

గోడౌను మేడ మీద నీలం రంగు ప్లాస్టిక్ ట్యాంకు చుట్టూ పాతికమంది ఉన్నారు, అందరూ మాస్కులతో. ఎవరో పాడుతున్నారు. ఆమె మెట్ల పైన, గుంపు వెనక నిలబడింది. పాస్టరు పరమేశ్వర్ వీపు పట్టి నీళ్లలోకి వంచాడు. ఆయన కనబడకుండా పోయిన ఆ క్షణం ఆమె తన ఊపిరి బిగబట్టింది. ఆయన లేచాడు. ముఖం మీద నీళ్లు కారుతుంటే ఆయన నవ్వుతున్నాడు. పెళ్లినాడు కూడా ఆయన అట్లా నవ్వలేదని ఆమెకు గట్టిగా తోచింది. 

భూదేవి ట్యాంకు పక్కన తువ్వాల చాచి నిలబడి ఉంది.

"జరగు అవ్వా" అంది సంధ్యారాణి, గుంపును తోసుకుని ముందుకొచ్చి. "నేను తెచ్చిన."

భూదేవి ఆమెను చూసి తన తువ్వాల మడిచి భుజాన వేసుకుని పక్కకు తప్పుకుంది. పరమేశ్వర్ ట్యాంకులోంచి దిగుతూ భార్యను చూసి మెట్టు తప్పబోయాడు. ఆమె భుజం పట్టి ఆపింది. తల తుడిచింది, చెవుల వెనక తుడిచింది, స్వెటర్ తొడిగి మెడ దాకా లాగింది. పక్కన ఒకావిడ, "నువ్వు గూడ ప్రభువు దగ్గరికి వచ్చినవా, అక్కా?" అని సంతోషంగా అడిగింది.

"లేదు" అంది సంధ్యారాణి. "మా ఆయన కాడికి వచ్చిన."

పరమేశ్వర్ పళ్లు టకటక కొట్టుకుంటుంటే నవ్వాడు. పాట ఇంకా అయిపోలేదు. పాట అయ్యేదాకా ఉండాలని ఉన్నట్టు ఆయన అటు చూశాడు. ఆమె తడి బట్టలు సంచిలో పెట్టుకుని, ట్యాంకుకు కొంచెం దూరంగా, పిట్టగోడ దగ్గర నీడలో కూర్చుంది.

"అయిపోయినంక రా. ఈడనే ఉంట" అంది.